పరకాల షెడ్డులో కొక్కెర తెగులు: నీళ్లలో తాపిన టీకా ఎందుకు పట్టలేదు

మేడారం జాతర దగ్గరపడుతుంటే వరంగల్ చుట్టుపక్కల నాటు కోడి ధర ఆగదు. ఆ గిరాకీని నమ్ముకొని పరకాల వైపు ఒక ఊళ్లో భార్యాభర్తలు రేకుల షెడ్డు వేసి మూడు వందల పైచిలుకు నాటు కోళ్లు పెంచారు. నెల వయసు పిల్లలను కొని తెచ్చి, పన్నెండు వారాలు దాటేదాకా సాకారు. జాతరకు ఇంకా కొన్ని వారాలు ఉందనగా కోళ్లు మేత మానేసి రెక్కలు వాల్చుకొని మూలకు కూర్చోవడం మొదలైంది. ముందు మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి నీళ్లలో కలిపి తాపారు. అది వైరస్ మీద పనిచేసే మందు కాదు కాబట్టి చావులు ఆగలేదు. పశువైద్యులమైన మాకు ఫోన్ వచ్చేసరికి రోజూ పొద్దున షెడ్డులో చచ్చిన కోళ్లను ఏరాల్సి వస్తోంది.

వెళ్లి చూస్తే ఆకుపచ్చ నీళ్ల రెట్ట, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీయడం, కొన్నిటికి ఒక కాలు, ఒక రెక్క పడిపోవడం కనిపించాయి. గోడ పక్కన ఉన్న ఒక పుంజు మెడ వెనక్కి మెలితిరిగి ఆకాశం వైపు చూస్తోంది. గింజ పొడవబోతే ముక్కు గింజకు పక్కన పడుతోంది. మనవాళ్లు కొక్కెర తెగులు అనేది దీన్నే. పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి లేదా న్యూకాసిల్ వ్యాధి అని ఉంటుంది. 1926లో జావా దీవిలోనూ, ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లోనూ దీన్ని గుర్తించారు. కొద్దికాలానికే కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనబడి మన దేశంలో ఆ పేరు స్థిరపడింది.

ఆ ఇంటావిడ మొదట అడిగిన ప్రశ్నే ఈ కేసంతటికీ అసలు ప్రశ్న.

“సారూ, టీకా మందు తాపినం గదా. నీళ్లల్ల కలిపి తాపినం. అయినా గిట్లెందుకు సస్తున్నయ్?”

“ఏ నీళ్లల్ల కలిపిన్రు అక్కా?”

“నల్లా నీళ్లే సారూ. అవే గదా మంచి నీళ్లు.”

ఇంకా అడిగితే మరో రెండు సంగతులు తెలిశాయి. అంతకు ముందు వారం అంగడికి తీసుకెళ్లి అమ్ముడుపోని పుంజులను తిరిగి తెచ్చి అదే షెడ్డులో వదిలారు. అంగడిలో పది ఊళ్ల కోళ్లు ఒకేచోట ఉంటాయి. ఈ వ్యాధికి వైరస్ సోకిన నాటి నుంచి లక్షణాలు కనిపించేదాకా 2 నుంచి 15 రోజులు, ఎక్కువగా 5, 6 రోజులు పడుతుంది. ఆ లెక్క సరిగ్గా సరిపోయింది. రెండో సంగతి నన్ను ఆపేసింది. ఇంటి వాకిట్లో, షెడ్డుకు పది అడుగుల దూరంలో తిరిగే ఓ ముప్పై కోళ్లు నిక్షేపంగా ఉన్నాయి. షెడ్డు ముందు పారబోసిన మేతే ఏరుకొని తింటున్నాయి, అదే మట్టి కెలుకుతున్నాయి. వాటికి మాత్రం ఊళ్లో టీకాలు వేసే పశుమిత్ర వచ్చినప్పుడు కంట్లో చుక్క వేయించారట. షెడ్డు కోళ్లు ఎక్కువ కాబట్టి ఒక్కోదాన్నీ పట్టుకోలేక నీళ్లలో తాపారు. రెండు చోట్లా వాడింది కొక్కెర తెగులుకు ఇచ్చే లసోటా టీకానే.

ముందు బర్డ్ ఫ్లూ కాదని తేలాలి. చావులు ఇంత తొందరగా పెరుగుతున్నప్పుడు లక్షణాలు చూసి రెండింటినీ విడదీయగలనని ఏ డాక్టరూ అనుకోకూడదు. మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఎవరూ షెడ్డులోకి పోవద్దని చెప్పి, గొంతు నుంచి, రెట్ట దారి నుంచి స్వాబ్‌లు తీసి, పశుసంవర్ధక శాఖకు సమాచారమిచ్చి శాంపిల్స్ పంపాం. ఫ్లూ లేదని జవాబు వచ్చాకే చచ్చిన కోళ్లను కోసి చూశాం. కందనకాయకు ముందుండే ప్రోవెంట్రిక్యులస్ లోపలి గోడ మీద గ్రంథుల మొనల దగ్గర సూదితో పొడిచినట్టు రక్తపు చుక్కలు, సీకమ్ (గుడ్డి పేగు) మొదట్లో ఉండే టాన్సిల్స్ ఉబ్బి నెత్తురు కమ్మి ఉండటం, పేగులో అక్కడక్కడా పుండ్లు. కొక్కెర తెగులు అనుకోవడానికి ఇవి చాలు. నిర్ధారణకు చాలవు.

మొదటి రోజే ఇంకో పని కూడా చేశాం. షెడ్డులో ఇంకా బాగానే ఉన్నట్టు కనిపిస్తున్న కొన్ని కోళ్ల నుంచి, వాకిట్లో కోళ్ల నుంచి రెక్క కింద నరంలో రక్తం తీసి సీరం (రక్తం గడ్డకట్టాక తేలే పలచటి ద్రవం) వేరుచేసి పెట్టాం. కొత్తగా సోకిన వైరస్‌కు యాంటీబాడీలు తయారవడానికి వారం పైనే పడుతుంది కాబట్టి, ఆ రోజు సీరంలో కనిపించేది ఎక్కువగా టీకా వల్ల వచ్చినదే అయి ఉంటుంది. ఆలస్యమైతే ఆ తేడా చెరిగిపోతుంది. వ్యాధి వచ్చి బతికిన కోడికి టీకా కోడికంటే ఎక్కువ యాంటీబాడీలు ఉంటాయి. తోటి డాక్టర్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: మందులు రాసే ముందు సీరం తీయండి.

వైరస్ పట్టుకునే చక్కెర

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్లాలి. లేకపోతే తర్వాత ల్యాబ్‌లో చూసినదానికి అర్థం ఉండదు.

మన కణాలైనా, కోడి కణాలైనా పైపొర నున్నగా ఉండదు. దాని మీద ప్రొటీన్లకు, కొవ్వులకు అతుక్కొని చక్కెర గొలుసులు దట్టంగా నిలబడి ఉంటాయి. టీలో వేసుకునే చక్కెర కాదు ఇది. గెలాక్టోజ్, మానోజ్ లాంటి రకరకాల చక్కెర అణువులు కొమ్మలుగా అల్లుకొని ఉంటాయి. చాలా గొలుసుల చిట్టచివర సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ఉంటుంది. బయటి నుంచి వచ్చే ఏ వైరస్‌కైనా ముందు తగిలేది ఈ చక్కెర అడవే. అందుకే ఎన్నో వైరస్‌లు దీన్నే ఆసరాగా చేసుకున్నాయి. ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ), కొక్కెర వైరస్ సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకుంటాయి. డెంగీ, కరోనా వైరస్‌లు హెపరాన్ సల్ఫేట్ అనే వేరే చక్కెర గొలుసుల సాయం కూడా తీసుకుంటాయి.

కొక్కెర వైరస్ మీద హెచ్ఎన్ అనే ప్రొటీన్ ముళ్లలా లేచి ఉంటుంది. దాని తలలో ఉండే చిన్న గుంటలో సియాలిక్ ఆమ్లం సరిగ్గా ఇముడుతుంది. ఇలాంటి పట్టు ఒక్కొక్కటి చాలా బలహీనం. ఇన్‌ఫ్లుయెంజాలో కొలిచి చూస్తే ఒక ముల్లు, ఒక చక్కెర మధ్య బంధం ఇట్టే ఊడిపోయేంత వదులు. కానీ చేనుగట్టు మీద నడిచొస్తే ఉత్తరేణి గింజలు పంచె నిండా ఎలా పట్టుకుంటాయో చూడండి, ఒక్క ముల్లుతో ఏమీ కాదు, పదుల ముళ్లు ఒకేసారి గుడ్డలో దిగితే దులిపినా రాలవు. వైరస్ పట్టు కూడా అంతే.

హెచ్ఎన్ పని అతుక్కోవడంతో ఆగదు. చక్కెర దొరకగానే అది పక్కనే ఉన్న ఎఫ్ అనే ఇంకో ప్రొటీన్‌ను కదిలిస్తుంది. ఎఫ్ విచ్చుకొని కణం పొరలోకి గుచ్చుకొని, వైరస్ పొరనూ కణం పొరనూ ఒకటిగా కలిపేస్తుంది. ఆ సందులోంచి వైరస్ జన్యుపదార్థం లోపలికి జారుతుంది. ఇన్‌ఫ్లుయెంజాది కొంచెం వేరే దారి. కణం దాన్ని ఒక తిత్తిలో లోపలికి లాక్కున్నాక, అక్కడి ఆమ్లం తగిలితేనే పొరలు కలుస్తాయి.

హెచ్ఎన్‌లో ఇంకో గుణం ఉంది, నాకు ఈ వైరస్‌లో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది అదే. ఏ చక్కెరను పట్టుకుంటుందో అదే చక్కెరను కోసేస్తుంది కూడా. ఇన్‌ఫ్లుయెంజాకు ఈ రెండు పనులకు రెండు ప్రొటీన్లున్నాయి, కొక్కెర వైరస్‌కు ఒక్కటే. ఈ కోత వైరస్‌కు ప్రాణావసరం. శ్వాసనాళంలోని చీమిడి నిండా సియాలిక్ ఆమ్లమే. కోసుకుంటూ ముందుకు పోలేకపోతే వైరస్ ఆ చీమిడిలోనే చిక్కుకొని బయటికి కొట్టుకుపోతుంది. కణంలో తయారైన కొత్త వైరస్‌లు కూడా బయటికొచ్చాక ఆ కణాన్నే అంటిపెట్టుకొని ఉండిపోతాయి. ఇన్‌ఫ్లుయెంజాకు మనుషులకిచ్చే ఒసెల్టామివిర్ ఆపేది ఈ కోతనే.

ప్లేటులో ఏం కనబడింది

ఫ్లూ లేదని తేలాక, చచ్చిన కోళ్ల అవయవాల రసాన్ని 9, 10 రోజుల పిండం ఉన్న గుడ్లలోకి ఎక్కించాం. రెండు రోజులు తిరిగేసరికి పిండాలు చనిపోతూ వచ్చాయి. గుడ్లను చల్లబరిచి, పెంకు పైభాగం తీసి, పిండం చుట్టూ ఉండే అల్లాంటాయిక్ ద్రవాన్ని లాగి పెట్టుకున్నాం. ఆ ద్రవంతో చేసేదే హీమాగ్లుటినేషన్ పరీక్ష, మా భాషలో హెచ్ఏ.

ఈ పరీక్ష పుట్టుక తెలుసుకోదగ్గది. 1941లో అమెరికాలో జార్జ్ హర్స్ట్ ఇన్‌ఫ్లుయెంజా సోకిన గుడ్ల నుంచి ద్రవం తీస్తుంటే, పొరపాటున తెగిన రక్తనాళం నుంచి నెత్తురు కలిసి, ఎర్ర కణాలు గుంపులు కట్టడం గమనించాడు. వైరస్‌ను కంటితో చూడలేం. కానీ అది ఎర్ర కణాల మీది సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకొని వాటిని ఒకదానితో ఒకటి ముడివేస్తే, ఆ ముడి కంటికి కనిపిస్తుంది. ఎనభై ఏళ్లు దాటినా కోళ్ల ల్యాబ్‌లన్నీ ఈ పరీక్షనే నమ్ముకొని ఉన్నాయి.

కోడి రక్తాన్ని ఉప్పు ద్రావణంతో మూడుసార్లు కడిగి, ఒక శాతం ఎర్ర కణాలుండేలా కలుపుకోవాలి. అడుగు సన్నగా ఉండే గుంటల ప్లాస్టిక్ ప్లేటులో గుడ్డు ద్రవాన్ని గుంట గుంటకూ సగం చేస్తూ పలచబరచి, ఒక్కోదాంట్లో 25 మైక్రోలీటర్ల ఎర్ర కణాలు వేయాలి. పక్షుల ఎర్ర కణాల్లో, మనవాటిలా కాకుండా, కేంద్రకం ఉంటుంది. బరువుగా ఉండి త్వరగా దిగుతాయి. గది వేడిమిలో 40 నిమిషాలు చాలు. వైరస్ లేని గుంటలో కణాలన్నీ జారి అడుగున చిన్న ఎర్ర బొట్టుగా కూడుకుంటాయి. ప్లేటు వంచితే ఆ బొట్టు కిందికి సాగి జారుతుంది. వైరస్ ఉన్న గుంటలో కణాలు జారలేవు, గుంట గోడలంతా పలచటి ఎర్ర పొరగా పరుచుకొని ఆగిపోతాయి. వంచినా కదలవు.

మా ప్లేటులో మొదటి గుంటల్లో పొర స్పష్టంగా వచ్చింది. చివరి గుంటల్లో, వైరస్ వేయని కంట్రోల్ గుంటల్లో బొట్లు జారాయి. అంటే గుడ్డు ద్రవంలో సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకునేదేదో ఉంది. అది కొక్కెర వైరసేనా అని తేల్చడానికి, అదే ద్రవానికి ముందు కొక్కెర వైరస్ యాంటీబాడీలున్న సీరం కలిపి ఎర్ర కణాలు వేశాం. పొర రాలేదు, బొట్టు జారింది. యాంటీబాడీలు హెచ్ఎన్ తలను కప్పేశాయి కాబట్టి దానికి చక్కెర అందలేదు. ఇదే హీమాగ్లుటినేషన్ ఇన్‌హిబిషన్, అంటే హెచ్ఐ పరీక్ష.

అన్నీ రాసుకున్నాక ప్లేటును బల్ల మీదే వదిలేశాం. ట్రైనింగ్‌లో ఉన్న అబ్బాయి కాసేపటికి వచ్చి కంగారుగా అడిగాడు, “సార్, పాజిటివ్ గుంటల్లో కూడా బొట్లు పడుతున్నాయి. పరీక్ష తప్పిందా?” తప్పలేదు. హెచ్ఎన్ తన కోత మొదలుపెట్టింది. ఎర్ర కణాల మీది సియాలిక్ ఆమ్లం తెగిపోయే కొద్దీ వైరస్ పట్టు వదిలి, పొర విడిపోయి, కణాలు అడుగుకు జారిపోతున్నాయి. ఆ కణాలకే కొత్తగా వైరస్ కలిపి చూపించాను. పొర రాలేదు, పట్టుకోవడానికి వాటి మీద ఇక చక్కెర మిగల్లేదు. 1942లో హర్స్ట్ చూపించింది ఇదే. టైం దాటాక ప్లేటు చదివి నెగెటివ్ అని రాసిస్తే ఒక ఊరి కోళ్లు పోతాయి. ఎండాకాలం వరంగల్‌లో, ఏసీ లేని గదిలో ఈ కోత ఇంకా తొందరగా జరుగుతుంది, కాబట్టి ప్లేటును 4 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టి చదవడం మేలు.

ఒక చిక్కు మిగిలే ఉంది. షెడ్డు కోళ్లకు లసోటా తాపారు. లసోటా కూడా కొక్కెర వైరసే, అది కూడా సియాలిక్ ఆమ్లాన్నే పట్టుకుంటుంది, ప్లేటులో అదే పొర ఇస్తుంది. మేం చూసింది టీకా వైరస్ కాదని ఎలా చెప్పాలి? తేడా ఎఫ్ ప్రొటీన్‌లో ఉంటుంది. ఎఫ్ పని చేయాలంటే ముందు దాన్ని ఒకచోట కోడి ఎంజైములే కత్తిరించాలి. లసోటాలో ఆ చోటు శ్వాసనాళంలో, పేగులో ఉండే ఎంజైములకే లొంగుతుంది, అందుకే అది అక్కడికే పరిమితం. ప్రాణాలు తీసే రకంలో ఆ చోట ఆర్జినిన్, లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలు వరుసగా ఉండి, 117వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ఫినైలాలనిన్ ఉంటుంది. దాన్ని ఫ్యూరిన్ అనే ఎంజైము కత్తిరిస్తుంది. ఫ్యూరిన్ ఒళ్లంతా ఉంటుంది, మెదడులో కూడా. మెడ తిరగడం, కాలు పడిపోవడం అందుకే. పిండాలు 60 గంటలలోపే చనిపోవడం ప్రమాదకర రకానికి గుర్తు. లసోటా లాంటి వాటికి 90 గంటలు దాటుతుంది. మా గుడ్లు మొదటి కోవలోకి వచ్చాయి.

రెండు రకాల సీరం

ఇక ఆమె ప్రశ్నకు జవాబు. మొదటి రోజు తీసిన సీరంలను హెచ్ఐ పరీక్షకు పెట్టాం. ఇందులో వైరస్ మోతాదు స్థిరంగా ఉంచి, సీరంను సగం సగం పలచబరుస్తూ పోతాం. ఎంత పలచబడినా చక్కెరను వైరస్‌కు అందనివ్వకుండా ఆపిన చివరి గుంటే ఆ కోడి టైటర్. 16 గానీ పైన గానీ వస్తే, అంటే 16 రెట్లు పలచబరిచినా ఆపగలిగితే, పాజిటివ్. వాకిట్లో కోళ్లకు ఎక్కువగా 64, 128 వచ్చాయి. షెడ్డు కోళ్లలో చాలావాటికి 8 కూడా రాలేదు.

లసోటా బతికున్న వైరస్. అది కోడి ఒంట్లో పెరిగితేనే యాంటీబాడీలు వస్తాయి. పెరగాలంటే అది కూడా కోడి కణాల మీది సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకొని లోపలికి పోవాలి. కంట్లో వేసిన చుక్క కనుపొర నుంచి ముక్కులోకి దిగి, ఎక్కడ పెరగాలో నేరుగా అక్కడికే చేరుతుంది. కంటి వెనకుండే హార్డేరియన్ గ్రంథి అక్కడికక్కడే యాంటీబాడీలు తయారుచేస్తుంది. అసలు వైరస్ వచ్చి పడేది కూడా ఆ తావునే. నల్లా నీళ్లలో మనుషుల ఆరోగ్యం కోసం క్లోరిన్ కలుపుతారు, కలపాలి కూడా. క్లోరిన్‌కు టీకా వైరస్, రోగం వైరస్ అనే తేడా లేదు. ఏ వైరస్ పొరనైనా, ముళ్లనైనా పాడుచేసి చంపేస్తుంది. చక్కెరను పట్టుకోలేని టీకా కోడి కడుపులో అరిగిపోయే ప్రొటీన్ మాత్రమే. పైగా ఆ రోజు మందు కలిపిన నీళ్లు మధ్యాహ్నం దాకా ఎండలో ఇనుప తొట్లలో ఉన్నాయని తర్వాత తెలిసింది. ఎనిమిదో వారంలో వేయాల్సిన ఆర్ టూ బి అనే ఇంకో కొక్కెర టీకా సూది అసలు వేయలేదు.

“మాక్కూడ వస్తదా సారూ?” అని ఇంటాయన అడిగారు. కొక్కెర వైరస్ మనుషులకు ఎక్కితే సాధారణంగా కళ్లు ఎర్రబడి నీళ్లు కారి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. కోళ్లను కోసేవాళ్లకు, టీకా చల్లేవాళ్లకు ఇది తెలిసిన ఇబ్బందే. మన కణాల మీద దానికి చక్కెర దొరకక కాదు, వైరస్‌లను అడ్డుకోవడానికి మన కణాలు వదిలే ఇంటర్ఫెరాన్ రక్షణను అణచగల శక్తి దానికి లేదు. బర్డ్ ఫ్లూలో కథ వేరు. సియాలిక్ ఆమ్లం కింది గెలాక్టోజ్‌కు రెండు రకాలుగా అతుక్కుంటుంది, ఆల్ఫా 2,3 బంధం, ఆల్ఫా 2,6 బంధం. పక్షుల ఫ్లూకు మొదటిది ఇష్టం, మనుషుల ఫ్లూకు రెండోది. మన ముక్కు, గొంతులో ఎక్కువగా రెండోదే ఉంటుంది. మొదటిది ఊపిరితిత్తుల అడుగున ఉంటుంది. అందుకే పక్షుల ఫ్లూ మనుషులకు సులువుగా అంటదు, దగ్గరగా మసలి లోపలి దాకా పీల్చినవాళ్లకు అంటితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రెండు చిన్న బంధాల తేడా మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి కాబట్టే మాస్కు విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

తర్వాత చేసింది

ఈ వ్యాధికి మందు లేదు. జబ్బు కోళ్లను వేరుచేయించాం. చచ్చినవాటిని సున్నం వేసి లోతుగా పూడ్పించాం. ఒక్క కోడి కూడా అంగడికి పోకూడదని, జాతరకు అసలే వద్దని చెప్పాం. వాళ్లకు ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో తెలుసు. ఆ డబ్బు మీద అప్పు ఉంది. అయినా ఒప్పుకున్నారు. షెడ్డులో బాగున్న కోళ్లకు, చుట్టుపక్కల ఇళ్ల కోళ్లకు పశుమిత్రతో కలిసి ఒక్కోదాన్నీ పట్టుకొని కంట్లో చుక్క వేశాం. సగానికి పైగా కోళ్లు పోయాక చావులు ఆగాయి. రెండు వారాల తర్వాత బతికినవాటి టైటర్లు బాగా పైకి లేచాయి, అది టీకా పని ఎంతో వ్యాధి పని ఎంతో విడదీయలేం. వాకిట్లో కోళ్లలో ఒక్క ముసలి పెట్ట మాత్రమే చచ్చింది.

లిట్టర్ (కోళ్ల కింద పరిచిన పరుపు) ఎత్తించి, షెడ్డు కడిగించి, సున్నం కొట్టించి, కొంతకాలం ఖాళీగా ఉంచాకే కొత్త పిల్లలు వచ్చాయి. వాటికి మొదటి టీకా కంట్లోనే వేశారు. నాలుగో వారం లసోటా నీళ్లలోనే ఇవ్వాలనుకున్నారు, అన్ని కోళ్లను పట్టుకోవడం వాళ్లిద్దరికీ సాధ్యం కాదు. అందుకని బావి నీళ్లు తీసుకొని, లీటరుకు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, అరగంట ఆగి, టీకా కలిపి, తెల్లవారుజామున ప్లాస్టిక్ తొట్లలో పోయించాం. పాలపొడి నీళ్లలో ఏదైనా క్లోరిన్ మిగిలి ఉంటే దాన్ని తినేస్తుంది. ముందు రెండు గంటలు కోళ్లకు నీళ్లు ఆపి ఉంచడంతో గంటన్నరలోనే తొట్లు ఖాళీ అయ్యాయి. మూడు వారాలకు సీరం తీస్తే చాలా కోళ్లకు 32, 64 వచ్చాయి. ఓ మూలన కూర్చునే బక్క కోళ్లకు మాత్రం ఇంకా 8 దగ్గరే ఉంది, బలమైన పుంజులు తొట్టి దగ్గరికి రానివ్వక అవి సరిగా తాగలేదు. వాటిని వేరుచేసి కంట్లో చుక్క వేయించాం. ఎనిమిదో వారం అన్నిటికీ ఆర్ టూ బి సూది పడింది.